తడిగట్టు మీద జాగ్రత్తయ్య

ఆ ఉదయం జాగ్రత్తయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. ఒక ఫొటో దిగి, దాని కింద "ఇలా చేయకూడదు" అని రాయించి ఫ్యాక్టరీ గోడకు అంటించాలి, అంతే. ఆయన అక్కడ భద్రతాధికారి. మెట్లు దిగేవాళ్ళకూ టీ తాగేవాళ్ళకూ ఆఖరికి తుమ్మబోయేవాళ్ళకూ "జాగ్రత్త" అని చెప్పీ చెప్పీ, అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్చుకోలేదు.

ఆవరణ వెనక, కుంటలోకి దిగే ఏటవాలు గట్టు ఉంది. గడ్డి కోసే బండి నడిపే పెద్దాయనను అందరూ బాబాయ్ అంటారు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఒక్కసారీ ఆ గట్టు మీదికి బండి ఎక్కించలేదు. అక్కడి గడ్డిని చేతిమిషన్‌తో నిదానంగా కోసేవారు. మూడు వారాల్లో రిటైర్మెంటు. ఒక్క ప్రమాదమూ లేని సర్వీసుకు సభలో ప్రశంసాపత్రం ఇస్తారని తెలిసి, ఆయన భార్య పిన్ని అప్పుడే దాన్ని తగిలించడానికి ఇంటి గోడకు మేకు కొట్టించేసింది.

"గడ్డి తడిగా ఉంది సార్, వద్దు," అన్నారు బాబాయ్.

"గట్టు మీద నడపను బాబాయ్, ఫొటో కోసం ఊరికే బండెక్కి కూర్చుంటాను. తప్పు ఎలా ఉంటుందో చూపిస్తేనే కదా జనానికి బుద్ధొచ్చేది!"

"దీనికి స్టీరింగ్ లేదు, రెండు లివర్లే. వెనక చక్రాలు జారాయంటే ఆ లివర్లు పట్టుకున్నా ఒకటే, మీ చెవులు పట్టుకున్నా ఒకటే."

"నాకు తెలీదా? గట్టు మీదికి బండి ఎక్కించకూడదన్న రూలు రాసిందే నేను!"

పైఅధికారి మాట కాదనలేక, బాబాయ్ తాళాల పుస్తకంలో తన సంతకం పెట్టి తాళంచెవి తెచ్చారు. బండిని గట్టు వాలున నిలిపించుకుని జాగ్రత్తయ్య ఎక్కి కూర్చున్నారు. ఫొటో తీయడానికి టైపిస్టు గట్టు పైన నిలబడింది.

"ఫొటోలో బండి ఆగి ఉన్నట్టుంది సార్. కొంచెం కదపండి," అందామె.

జాగ్రత్తయ్య లివర్లను వేలెడు నెట్టారు. వెనక చక్రాలు పట్టు తప్పాయి. ఎటు తోస్తే అటు తిరిగే ముందరి చక్రాలు కుంటవైపే తిరిగాయి.

"రక్షించండి!"

"అబ్బ, భయం భలే వచ్చింది సార్! అలాగే ఉండండి!"

"నటన కాదమ్మా!"

"డైలాగులు ఫొటోలో రావు సార్!"

బండి పొదల చాటుకు వెళ్ళగానే ఫొటోల పని అయిపోయిందనుకుని ఆమె ఆఫీసుకు పరుగెత్తింది. బాబాయ్ మాత్రం కుంటలోకి దూకి, నడుము లోతు నీళ్ళలోంచి ఆయన్ను ఒడ్డుకు లాగారు. బండి నీళ్ళలోనే ఉండిపోయింది.

మేనేజరు వచ్చేసరికి ఇద్దరూ తడిసి ముద్దయి ఉన్నారు.

"బండి నడిపిందెవరు?"

జాగ్రత్తయ్య నోరు తెరిచారు. రూలు తనది, దాని కింద సంతకమూ తనదే. తెరిచిన నోటితోనే చొక్కా అంచు పిండుకున్నారు.

"నేనేనండి," అన్నారు బాబాయ్. "వెనక్కి తెస్తుంటే జారింది. సారే నన్ను పైకి లాగారు."

మేనేజరు అటు వెళ్ళగానే జాగ్రత్తయ్య బాబాయ్ చెయ్యి పట్టుకున్నారు. "ఎందుకలా చెప్పారు?"

"నాకు మిగిలింది మూడు వారాలు. మీకు పద్నాలుగేళ్ళు. పోనిద్దురూ."

మేనేజరు గది ఎంతో దూరం లేదు. అప్పుడే వెళ్ళి నిజం చెప్పాల్సింది. వెళ్ళలేదు. అందుకు ఆయన తరవాత పడని బాధ లేదు. ఆ రాత్రి ఇంట్లో అంతా చెప్పేశారు. సంగతంతా విన్న భార్య, "లోకానికంతా జాగ్రత్తలు చెబుతారే, ఆ పెద్దాయన పేరు పోతుంటే నోట్లో ఏం పెట్టుకున్నారు?" అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి మేనేజరు ముందు నిలబడ్డారు. "బండి నడిపింది నేనండి. ఫొటోలు చూడండి."

మేనేజరు టైపిస్టును పిలిపించాడు. "ఫొటోలన్నీ నేనే తీశానండి. అదంతా నటన. సార్ ఎంత బాగా చేశారో!" అందామె మెరిసే కళ్ళతో.

"నాకర్థమైంది," అన్నాడు మేనేజరు. "పెద్దాయన పరువు కోసం తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు."

"అయ్యా, ఒట్టు!"

"చాలు. ఇంక నన్ను ఏడిపించకండి."

ఆయన ఎంత మొత్తుకుంటే మేనేజరు కళ్ళు అంతగా చెమర్చాయి.

బాబాయ్ వీడ్కోలు సభలో, పెద్దాయన్ను నీళ్ళలోంచి కాపాడినందుకని, ప్రశంసాపత్రం జాగ్రత్తయ్యకు ఇచ్చారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది బాబాయే. ఆ చప్పట్లు జాగ్రత్తయ్యకు చెంపల మీద పడినట్టనిపించాయి. మైకు లాక్కుని, "ఇది నాది కాదు, బాబాయ్‌ది! తప్పు చేసింది నేను!" అని అరిచారు. హాలంతా లేచి నిలబడి ఇంకా గట్టిగా కొట్టింది.

సభా నివేదికలో ఆ మాటను వినయం కింద రాసుకున్నారు.