యాభయ్యో పొయ్యి

జనాభా లెక్కల గుమాస్తా వచ్చే రోజు ఉదయం ఎసెంగెల్ది పడకమీద ఉండగానే పల్లెలోని పొయ్యిలను వేళ్లమీద మరోసారి లెక్కపెట్టాడు. మళ్లీ నలభైతొమ్మిదే వచ్చాయి. రాత్రికి రాత్రి ఎవరైనా కొట్లాడుకుని వేరు కాపురం పెట్టి ఉంటారేమోనని అతని ఆశ. ఆ చలికి అన్నదమ్ములెవరూ కొట్లాడుకోలేదు.

తుర్గాయ్ మైదానంలో యాభై పొయ్యిలున్న పల్లె తన పెద్దను తానే ఎన్నుకుంటుంది. ఒక్కటి తగ్గినా పక్క పల్లె పెద్ద కింద పడి ఉండవలసిందే. ఎసెంగెల్ది పదకొండేళ్లుగా పక్క పల్లె బోతబాయ్ కింద పడి ఉన్నాడు. విందుల్లో బోతబాయ్ ముందుకు గొర్రె తల వచ్చేది, ఎసెంగెల్ది ముందుకు మెడ ఎముక వచ్చేది. మెడ ఎముక రుచిగా ఉండదని కాదు. అది ఎలాంటివాళ్లకు వడ్డిస్తారో పసిపిల్లలకు కూడా తెలుసు, అదీ బాధ. ఇప్పుడు చక్రవర్తిగారే పనిగట్టుకుని దేశమంతా లెక్కపెట్టిస్తున్నారు. ఆ కాగితంమీద యాభై అని పడితే ఇక కాదనే మొనగాడు లేడు.

అందుకు ఉపాయం ఇంట్లోనే ఉంది. తమ్ముడు మైలీబాయ్‌కి ముప్పై ఎనిమిదేళ్లు, పెళ్లి కాలేదు, అన్న ఉండే పెద్ద ఇంట్లోనే తిని ఒక మూల పడుకుంటాడు. ఊరి చివర దూడల కొట్టం ఊడ్చి, పొయ్యి వెలిగించి, వాణ్ణి అందులో కూర్చోబెడితే సరి.

భార్య ఉల్బోసిన్ అంతా విని పెదవి విరిచింది. "ఆడది లేని కొంపలో టీ ఎవరు పోస్తారు? మగాడు టీ పోస్తే గుమాస్తా దాన్ని ఇల్లని రాస్తాడా, దూడల కొట్టమని రాస్తాడా?" అంది. ఇరవైరెండేళ్ల కాపురంలో ఆమె ఒక్కసారైనా మొగుడి పేరు పలికి ఎరగదు. పేరు తప్ప మిగతావన్నీ అనేది.

మాటలో న్యాయముంది. ఎసెంగెల్ది మంచులో పడి కలంపిర్ గుడిసెకు వెళ్లాడు. తనకూ, మైలీబాయ్‌కీ వరసకు తమ్ముడైన ఒకడి భార్య ఆమె. మొగుడు పోయి ఆరేళ్లయింది, ఒంటరిగా ఉంటోంది. ఆ ఆరు చలికాలాలూ మైలీబాయ్ ఆమె గుమ్మంలో పిడకల బస్తా దించి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెనక్కి తిరిగి వచ్చేసేవాడు. ఊరందరికీ తెలిసిన ఈ సంగతి ఎసెంగెల్దికి తట్టలేదు, అతని బుర్రంతా పొయ్యిలే ఉన్నాయి.

ఒక్క గంటసేపు వచ్చి టీ పోసి పొమ్మని అడిగాడు. కలంపిర్ పిండి చేతులు దులుపుకుంది.

"పోస్తాను బావగారూ. కానీ ఒకసారి కూర్చున్నాక నన్ను లేవమనకూడదు."

ఎసెంగెల్ది సరేనన్నాడు. ఆడవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటాయని అనుకున్నాడు.

గుమాస్తా సెయ్‌ఫుల్లా పట్నం నుంచి వచ్చిన తాతారు జాతి కుర్రాడు. సిరా గడ్డకట్టకుండా బుడ్డిని చంకలో పెట్టుకుని తిరుగుతున్నాడు. పల్లె తరఫున సాక్షిగా తోలెగెన్ తాత అతని వెంట ఉన్నాడు. తాతకు చూపు సగమే ఆనుతుంది, చెవులు మాత్రం పాము చెవులు. ఎసెంగెల్ది వాళ్లిద్దరినీ తిన్నగా దూడల కొట్టానికే తీసుకెళ్లాడు.

లోపల వెచ్చగా ఉంది. కలంపిర్ టీ నీళ్లు మరిగే సమోవర్ పక్కన మఠం వేసుకుని కూర్చుంది. మైలీబాయ్ గోడకు అంటుకుపోయాడు. గుమాస్తా టీ తాగి, ఒళ్లు వెచ్చబడ్డాక, ఈ ఇంటాయన పేరేమిటని కలంపిర్‌ని అడిగాడు. ఆమె తల వంచుకుంది. మొగుడికి అన్న వరసైనవాడి పేరు కోడలు పలకదు, చచ్చిపోయిన మొగుడికైనా సరే.

"పెద్దింటి చిన్నాయన," అంది మెల్లగా.

గుమాస్తాకు ఈ ఆచారం సగం తెలుసు, పెళ్లాం మొగుడి పేరు పలకదన్నంతవరకే, మిగతా సగం తెలియకపోవడమే వచ్చిన చిక్కు. పేరు చెప్పదు, తల వంచుకుంది, టీ పోస్తోంది. భార్య అని గట్టిగా పైకి చదువుతూ రాశాడు.

తోలెగెన్ తాత చెవికి ఆ మాట సోకింది. ఇన్నాళ్లకు వీడికి పెళ్లయిందా, నాతో ఒక్కరూ చెప్పలేదే అనుకుంటూ రెండు చేతులూ ఎత్తి, పిల్లాపాపలతో నూరేళ్లు చల్లగా ఉండమని దీవించి, అరచేతులు ముఖంమీదికి దించాడు. దించిన ఆ చేతుల దీవెనను వెనక్కి తీసుకునే దారి మైదానంలో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. మైలీబాయ్ కాదనడానికి నోరు తెరిచాడు. కలంపిర్ కేసి చూసి మూసుకున్నాడు.

సరే, పెళ్లయితే అయింది, యాభయ్యో పొయ్యి రాసుకున్నాడు కదా అని ఎసెంగెల్ది సంబరపడుతూ బయటికి వచ్చాడు. వరసలో తర్వాతది కలంపిర్ గుడిసె. దాని గొట్టంలోంచి పొగ రావడం లేదు. వచ్చేదెలా? ఇల్లాలు దూడల కొట్టంలో కాపురం పెట్టింది. ఎసెంగెల్ది మళ్లీ వేళ్లు ముడిచాడు. నలభైతొమ్మిదిలో ఆ గుడిసె కూడా ఒకటి. ఒక పొయ్యి పుట్టింది, ఒకటి ఆరింది, లెక్క అక్కడే ఉంది.

గుమాస్తా కొట్టంలో కాగితాలు సర్దుకునేలోగా అతను పరుగెత్తి, ఆ గుడిసెలో పిడకలు పేర్చి, పొగకు కళ్లు మండుతుండగా ఊదాడు. వాళ్లు వచ్చేసరికి కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నాడు.

"ఇది నా పొయ్యే," అన్నాడు.

"మరి ఆ పెద్ద ఇల్లు?"

"అదీ నాదే."

గుమాస్తా కలం ఆపాడు. ఒక మనిషిని రెండు పొయ్యిల దగ్గర రాయకూడదనీ, నిన్న రాత్రి ఎక్కడ పడుకుంటే అక్కడే రాయాలనీ చెప్పాడు. ఎసెంగెల్ది కళ్లముందు మెడ ఎముక కదలాడింది.

"ఇక్కడే పడుకున్నాను," అన్నాడు.

తోలెగెన్ తాత దగ్గాడు. విధవరాలి గుడిసెలో పడుకున్నానని పెద్దమనిషి చక్రవర్తి కాగితంమీద రాయించుకున్న సంగతి, గుమాస్తా కంటే ముందే పెద్ద ఇంటికి చేరింది.

ఉల్బోసిన్ వాకిట్లోనే నిలబడి ఉంది. వెనక అత్తగారితో సహా సగం పల్లె మూగింది. ఈ ఇంటి పెద్ద ఎవరని గుమాస్తా అడిగాడు.

"నేనే," అంది. "రాత్రంతా నా పక్కన గురక పెట్టింది ఎవరో మరి నాకు తెలీదు. మా ఆయన అబద్ధమాడే మనిషి కాదు, అక్కడ పడుకున్నానన్నాడంటే అక్కడే పడుకున్నాడు. ఎసెంగెల్దిని అక్కడే రాయండి."

జనమంతా చేష్టలుడిగిపోయారు. ఇరవైరెండేళ్లుగా దాచిన పేరు, అదీ అత్తగారి ఎదుట, చక్కగా సాగదీసి మరీ పలికింది.  ఎసెంగెల్ది గుమాస్తాను పక్కకు పిలిచి, బతిమాలి, తన పేరు కొట్టేసి పెద్ద ఇంట్లోకి మార్చమన్నాడు.

"మారుస్తాను, దానికేం," అన్నాడు సెయ్‌ఫుల్లా. "అప్పుడు ఆ గుడిసె ఖాళీ అని రాయాలి. నలభైతొమ్మిదవుతాయి."

ఎసెంగెల్ది పెళ్లాం ముఖం చూశాడు, కాగితం చూశాడు.

"ఉంచండి," అన్నాడు.

వసంతం రాకముందే పల్లెకు సొంత పెద్దను ఎన్నుకోమని పై నుంచి కబురొచ్చింది. పొయ్యికొక మగాడు చొప్పున వచ్చి కూర్చున్నారు. ఎసెంగెల్ది పేరు ఎసెంగెల్దే చెప్పాడు. బలపరచడానికి ఒక్క చెయ్యీ లేవలేదు. ఆఖరికి తోలెగెన్ తాత గొంతు సవరించుకున్నాడు.

"ఉన్న ఒక్క ఇంటినీ నిలబెట్టుకోలేనివాడు యాభై ఇళ్లనేం నిలబెడతాడు నాయనా? మైలీబాయ్‌ది పచ్చని కాపురం. కాగితంమీద కూడా ఉంది."

విందు దూడల కొట్టంలోనే జరిగింది. కలంపిర్ గొర్రె తలను మైలీబాయ్ ముందు పెట్టింది. పెద్దబావగారికి మర్యాదగా తలవంచి మెడ ఎముక వడ్డించింది. ఎసెంగెల్ది దాన్ని పూర్తిగా తిని, చేతులు తుడుచుకుని, అలవాటు చొప్పున పెద్ద ఇంటి వైపు నడిచాడు. మీ పేరు ఇక్కడ లేదని ఉల్బోసిన్ తలుపు సందులోంచే చెప్పింది.

మంచు కరిగేదాకా కలంపిర్ పాత గుడిసెలో ఆ యాభయ్యో పొయ్యి ఒక్క పూటైనా ఆరలేదు, ఎసెంగెల్ది ఊదడం బాగా నేర్చుకున్నాడు.