తొమ్మిదో సీజన్ మైల

ఆ శనివారం పొద్దున మహీధర్ పెట్టుకున్న పనులు రెండే. ఉప్మా చేసుకుని తినడం, పన్నెండింటికి ఫోన్లో ఓటు వేయడం. ఓటంటే ప్రభుత్వాలను మార్చే ఓటు కాదు, అంతకంటే పెద్దది. ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న 'ధూమకేతు దళం' అనే అంతరిక్ష సీరియల్లో తొమ్మిదో సీజన్‌ను అసలు కథగా లెక్కపెట్టాలా వద్దా అన్నది అభిమాన సంఘం ఆ రోజు తేల్చబోతోంది. లెక్కపెడితే కెప్టెన్ రాఘవయ్య చచ్చిపోయినట్టు. పెట్టకపోతే బతికున్నట్టు.

మహీధర్‌ది బతికున్నాడనే పక్షం. అదే గదిలో పక్క మంచం మీద పడుకునే శ్రీరామ్‌ది పోయాడనే పక్షం. ఒకడిది తెనాలి, ఇంకొకడిది హన్మకొండ. ఇద్దరూ లండన్‌లో, అంటే ఇంగ్లండుది కాదు లెండి, కెనడా లండన్‌లో చదువుకుంటూ కమలకుమారి గారింటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నారు. స్టూడెంట్లు వెల్లువలా వచ్చిపడ్డ ఆ ఏడాది ఊళ్ళో గది దొరకడమే గగనం. వీళ్ళు గొంతు పెంచినప్పుడల్లా ఆవిడ పైనుంచి నేలను రెండుసార్లు తన్నేది. కిందటి వారం మాత్రం తానే దిగివచ్చి, "ఇంకోసారి గొడవ వినిపించిందా, ఖాళీ చేసేయండి" అంది. ఇద్దరూ గజగజ వణికారు. ఆ వణుకు వారం కూడా నిలవలేదు.

"సచ్చిపోయిండురా! ఎన్నొద్దులు మొండికేస్తవ్, ఒప్పుకోరాదు!" అన్నాడు శ్రీరామ్.

"చావలేదు! శవాన్ని చూశావా నువ్వు? రాఘవయ్య చావలేదు!" గరిటె ఎత్తిపట్టి అరిచాడు మహీధర్.

ఆ ఇంట్లో వేడిగాలి పంపే గొట్టాలకు ఒక గుణం ఉంది. వేడిని మోసినా మోయకపోయినా మాటల్ని మాత్రం పొల్లుపోకుండా మోస్తాయి. అరగంటలో తలుపు చప్పుడైంది. ఖాళీ చేయించడానికే వచ్చిందనుకున్నాడు మహీధర్. తీసి చూస్తే కమలకుమారి గారు, తడితలకు తువ్వాలు, కళ్ళనిండా నీళ్ళు.

"ఎంత పని జరిగింది నాయనా! ఎప్పుడు పోయారు?"

నిజం చెబితే సీరియల్ కోసం అరిచారని తేలుతుంది. తేలితే సామాన్లు మంచులో ఉంటాయి. మహీధర్ తల దించుకున్నాడు. ఆవిడ దాన్ని దుఃఖం అనుకుంది.

"ఏమవుతారు బాబూ నీకు?"

"వీనికి తండ్రి లెక్కనే, ఆంటీ. పోయిండంటే ఒప్పుకుంటలేడు పాపం," అందించాడు శ్రీరామ్.

"అయ్యో పిచ్చినాయనా! నీ నోటితో ఒక్కసారి అనేయ్, గుండె తేలికపడుతుంది."

రెండేళ్ళుగా ఎవరెంత పోరినా అనని మాట అది. మహీధర్ ఒకసారి తన మంచం వంక, ఒకసారి కిటికీ బయట మంచు వంక చూశాడు. "పోయారండీ," అన్నాడు. శ్రీరామ్ మొహం చేటంత అయింది.

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. చావింట్లో పొయ్యి వెలిగించకూడదంటూ ఆవిడ ఉప్మా దించేసి, ఇద్దర్నీ తలస్నానానికి తోలింది. ఒకే కప్పు కింద మైల కదా అని పైన ఇంటిల్లిపాదీ అప్పటికే తలస్నానాలు కానిచ్చారు, వేడినీళ్ళు అయిపోయాయి. నవంబరు చన్నీళ్ళ కింద మహీధర్ పెట్టిన కేకలు విని, "ఏడవనీ, లోపల దాచుకోకూడదు," అనుకున్నారు పైవాళ్ళు.

పదకొండింటికల్లా ఊళ్ళోని తెలుగువాళ్ళు పప్పు, చారు, అన్నం గిన్నెలతో బేస్‌మెంట్ నిండా చేరారు. కమలకుమారి గారి నాన్నగారు కాశీవిశ్వనాథం, నలభై ఏళ్ళు తెలుగు పండితుడిగా చేసి కూతురి దగ్గరికి వచ్చిన పెద్దాయన, గోడమీద వెండి సూటులో ఉన్న రాఘవయ్య పోస్టరు చూశారు.

"వీరేనా? ఏం చేసేవారు?"

"అంతరిక్షంలోనండీ…"

"ఔరా, ఎంతటి మనిషి!" అని దండ వేయించారు. "నాలుగు మంచి మాటలు చెప్పు నాయనా."

మహీధర్ గొంతు సవరించుకున్నాడు. "ఆయన ఎవర్నీ వదిలేసి వెళ్ళేవారు కాదండీ. నౌక కాలిపోతున్నా ఆఖరి మనిషి దిగేదాకా ఉండేవారు. ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు పలకరించే దిక్కు లేదు. రోజూ ఆయన్ని చూసే పడుకునేవాణ్ణి." నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. ఇక తట్టుకోలేకపోయాడు. "ఆయన చావలేదండీ! చావలేదు!"

ఆడవాళ్ళందరూ భోరుమన్నారు. సరిగ్గా అప్పుడే కమలకుమారి గారి పదేళ్ళ కూతురు అనన్య మెట్లు దిగివచ్చి దండ వేసిన పటాన్ని చూసింది.

"దట్స్ కెప్టెన్ రాఘవయ్య! హీ ఈజ్ నాట్ డెడ్, అమ్మా! సీజన్ నైన్ డజంట్ కౌంట్!"

చారు గిన్నె పట్టుకున్నాయన దాన్ని మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. కమలకుమారి గారు ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. "సీరియలా? సీరియల్ కోసమా? సాయంత్రానికి సామాన్లు సర్దుకోండి!"

"ఆగమ్మా," అన్నారు కాశీవిశ్వనాథం. "ఆ తొమ్మిదోది రాసిందెవరు?"

"మొదటాయన మానేసిండు సార్. వేరేటాయన రాసిండు," శ్రీరామ్ నసిగాడు.

"అయితే అది ప్రక్షిప్తం! మూలకర్తది కాదు, నడుమ ఎవడో దూర్చింది. ప్రక్షిప్తంలో పోయినవాడికి మైల పట్టదు. చావలేదని ఈ కుర్రాడు పొద్దుట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు, వినంది మనం. ఏదీ, ఓటు ఎక్కడ వెయ్యాలి?"

"నాన్నా, వీళ్ళు ఖాళీ చేస్తున్నారు!"

"వీళ్ళు పోతే మొదటి భాగం నాకెవరు చూపిస్తారే?"

కమలకుమారి గారు తండ్రిని చూసింది, దండలో బిగుసుకు నిలబడ్డ రాఘవయ్యను చూసింది. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. పన్నెండింటికి ఒక్క ఓటు తేడాతో రాఘవయ్య బతికాడు. మైల లేదని తేలింది కనక ఆవిడే పాయసం కాచి పంపింది. శ్రీరామ్ ఓడిపోయిన బాధతో రెండు గిన్నెలు తాగాడు.

మరుసటి శనివారం మహీధర్ మళ్ళీ ఉప్మాకి పోపు పెట్టుకుంటున్నాడు. గొట్టంలోంచి పైమాటలు దిగివచ్చాయి.

"రాఘవయ్య రెండో పెళ్ళి అసలు కథే, నాన్నా!"

"ప్రక్షిప్తం! శుద్ధ ప్రక్షిప్తం!"

మహీధర్ చీపురు తిరగేసి పైకప్పును రెండుసార్లు పొడిచాడు. చదువుకునే పిల్లలున్న ఇల్లు మరి.