దివాలాకు అర్హత

ప్రజాహితం దృష్ట్యా దివాలా చట్టాన్ని సవరించారు. ఇకపై చిల్లర అప్పులవాళ్లు దివాలా తీయడానికి వీల్లేదు. అయిదు లక్షలకు తక్కువ బాకీ ఉన్నవాడికి కావలసింది చట్టం కాదు, కాస్త సిగ్గు అని పెద్దల అభిప్రాయం.

టైలరు బాకీ రెండు లక్షలే. నెలాఖరులోగా దివాలా ఉత్తర్వు రాకపోతే షావుకారు కుట్టుమిషను ఎత్తుకుపోతాడు. అర్జీ పట్టుకుని ఆఫీసుకు పరిగెత్తాడు. అధికారి చూసి జాలిపడ్డాడు.

"ఇంత తక్కువ అప్పుతో ఏ మొహం పెట్టుకుని వచ్చావయ్యా? ఇంకో మూడు లక్షలు చేసుకుని రా."

"నాకెవరిస్తారండీ?"

"మీతో ఇదే చిక్కు. ప్రయత్నం ఉండదు."

ఇంటికొచ్చి చెబితే, భార్య గుండీ కుడుతూ తల కూడా ఎత్తలేదు. "వీధిలో అందరిదీ ఇదే ఏడుపు కదా. మా తమ్ముణ్ణడిగి పదివేలు తెస్తా. ఒకళ్లకొకళ్లు ఇచ్చుకోండి."

మర్నాటి నుంచి వీధి శ్రద్ధగా అప్పుల్లో మునగసాగింది. టైలరు సెలూను ఆయనకు అప్పిచ్చి నోటు రాయించుకున్నాడు. సెలూను ఆయన ఇస్త్రీ అతనికి, అతను చెప్పుల కొట్టాయనకు, ఆయన మళ్లీ టైలరుకు. అదే పదివేలు. తిరిగి తిరిగి ఆ కట్ట చేతిరుమాలులా మెత్తబడింది. చెమట వాసన వస్తోందని సెలూను ఆయన కాస్త పౌడరు కూడా అద్దాడు. ఎవరికెంత రావాలో అడిగే గడి అర్జీలో లేదు గనక, నెల తిరక్కుండానే వీధిలో అర్హత లేనివాడు లేకుండా పోయాడు. పత్రాలన్నీ పద్ధతిగా రిజిస్టరు చేయించి, అర్జీలు పెట్టారు.

ఆ లెక్కలు చూసి పై అధికారులు నివ్వెరపోయారు. నాలుగు కొట్ల వీధిలో ఇన్ని లావాదేవీలా? నెలాఖరు రోజున అధికారి స్వయంగా వచ్చి, ఉత్తమ వ్యాపారి జ్ఞాపికను టైలరు చేతిలో పెట్టాడు.

"శ్రమిస్తే ఎంత ఎదగవచ్చో ఈ సోదరుడు నిరూపించాడు. ఇలా వర్ధిల్లుతున్నవారు దివాలాకు అనర్హులని తెలియజేయడానికి గర్విస్తున్నాను."

"అయ్యా, మరి నా మిషను?"

"ఇంత స్థితిలో ఉండి పాత మిషను కోసం ఏడుస్తావేమయ్యా? ఫోటో తీస్తున్నారు, నవ్వు."

టైలరు నవ్వాడు. ఆ ఫోటో పత్రికలో వచ్చింది. అతని వెనకే షావుకారు మనుషులు మిషనును బండికెక్కిస్తూ కనబడతారు. మీరూ చూసే ఉంటారు. కొత్త మిషను దింపుతున్నారనుకుని, పత్రికను మీ తమ్ముడి ముందు పడేసి, "చూసి నేర్చుకోరా" అని ఉంటారు.