చిన్నన్న ఇంట్లో మాత్రమే తెరుచుకునే వెబ్‌సైట్

ఆదివారం పొద్దున రమణి పెట్టుకున్న ప్లాన్ చాలా చిన్నది. నాయన చిన్నన్న నేసిన చీరల కోసం తను సొంతంగా తయారు చేసిన వెబ్‌సైట్ లింకును చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి, ఉగ్గాని తినాలి, మళ్లీ పడుకోవాలి.

రమణి బెంగళూరు కంపెనీకి మైదుకూరులోని ఇంట్లోంచే పనిచేసే డిజైనర్. వెబ్‌సైట్లు ఎలా కనపడాలో బొమ్మలు గీయడం వరకే ఆమె పని. వాటిని నడిపించే కోడ్ ఎప్పుడూ వేరేవాళ్లు రాసేవాళ్లు. ఇప్పుడు డిజైనర్లు కూడా కోడ్ నేర్చుకోవాలని కంపెనీ అంది. ఆఫీసు పని అయ్యాక వీడియోలు చూస్తూ, తిట్టుకుంటూ నేర్చుకుంది. ఒక బటన్‌ను పేజీ మధ్యలోకి తేవడానికి ఒక శనివారం మొత్తం పోయింది. అది ఇప్పటికీ కాస్త ఎడమకే ఉంది. ఆమె అటు చూడటం మానేసింది.

చిక్కేమిటంటే, బిడ్డ వెబ్‌సైట్‌ను నమ్ముకుని చిన్నన్న అప్పుడే వ్యాపారి దేవేంద్రప్పకు ఫోన్ చేసి ఈసారి చీరలు ఇవ్వనని చెప్పేశాడు. అవి అమ్ముడుపోకపోతే మళ్లీ ఆయన దగ్గరికే పోయి, ఆయనన్న ధరకే తలూపాలి.

రమణి లింకు పెట్టింది. తన ల్యాప్‌టాప్‌లో చీరలు కొంగులు పరుచుకుని ముద్దుగా కనపడుతున్నాయి. ఉగ్గాని రెండో ముద్ద దగ్గర ఫోన్ మోగింది. కమలాపురం నుంచి మేనత్త భీమక్క.

"ఏమ్మే రమణీ, ఏం పంపినావు? నొక్కితే తెల్లగా వస్తాండాది."

"నెట్ లేదేమో అత్తా."

"నెట్‌కేమి, బంగారంగా ఉండాది. పొద్దున్నుంచి మీ మామ సీరియలు సూస్తానే ఉండాడు."

మామ ఓబులేష్ ఫోన్ లాక్కున్నాడు. "పాపా, నా ఫోను పాతది. కొత్తది కొనాల్నా?"

"వద్దు మామా!"

గ్రూపులో ఒకరు ఫోన్ ఆపి మళ్లీ వేశారు. ఇంకొకరు దాంట్లో ఉన్న ఫోటోలన్నీ తుడిచేశారు. మరొకరు సెల్ షాపుకు పోతే షాపతను వైరస్ అన్నాడు. చిన్నన్న బిడ్డ వైరస్ పంపిందనే వార్త కాసేపట్లో బనగానపల్లె దాకా పోయింది. రమణి తన స్క్రీన్ ఫోటో తీసి, 'నాకు బాగానే వస్తోంది' అని పెట్టింది.

ఆ ఫోటో చూసిన భీమక్క వెంటనే ఫోన్ చేసింది. "అట్ల సెప్పు! మీ ఇంట్లో తెరుసుకుంటాది గదా. ఆడికే వస్తాంలే."

"అయ్యో వద్దత్తా, నేను సరి చేస్తా..."

"జీపు ఎక్కేసినాం."

జీపు నిండా వచ్చారు. వీధిలో ఎవరో ఏమిటి సంగతని అడిగితే, ఫోన్లలో కూడా చూపించని చీరలని ఓబులేష్ చెప్పాడు. అంతే, వీధి కూడా వచ్చింది. తల్లి తిమ్మమ్మ టీ గిన్నె పొయ్యి మీది నుంచి దించడం మానేసింది. రమణి మిక్సీ పక్కన నిలబడి, బెంగళూరులో కోడ్ రాసే గోపీనాథ్‌కు ఫోన్ చేసి లింకు చదివి వినిపించింది. అతను దాన్ని ఇంకోసారి చదివించుకున్నాడు.

"రమణీ, ఆ లింకుకు అర్థం 'ఈ యంత్రంలోనే వెతుకు' అని. నీ వెబ్‌సైట్ ఇంకా నీ ల్యాప్‌టాప్ దాటి బయటికే రాలేదు."

అంటే ఓబులేష్ నొక్కితే అది ఓబులేష్ ఫోన్‌లోనే వెతికింది. అందులో చీరలెందుకుంటాయి?

రమణి హాల్లోకి వచ్చి చేతులు జోడించింది. "అత్తా, తప్పంతా నాదే."

"తప్పేముండాది? మీ సరుకు మీ ఇంట్లో పెట్టుకున్న్యారు." భీమక్క స్క్రీన్‌ను రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తోంది. "బట్ట తెలీడంల్యా. ఏమప్పా చిన్నన్నా, ఈ పచ్చది యాడుండాది? తీసుకురా."

చిన్నన్న లోపలి నుంచి పచ్చది తెచ్చాడు. తర్వాత నీలంది. ఆ తర్వాత అతనికి కూర్చునే తీరికే లేదు.

అప్పుడొచ్చాడు దేవేంద్రప్ప, ఎవరో పంపిన ఆ లింకున్న ఫోన్ ఎత్తి పట్టుకుని. "ఏం చిన్నన్నా, నాకు తెరుసుకోకుండా చేయించినావంట గదా?"

"ఎవరికీ తెరుసుకోదప్పా."

"మరి వీళ్లంతా?"

"వచ్చి సూస్తాండారు."

"నేనూ వచ్చినా గదా!"

"అట్లయితే వాళ్ల ఎనకాల కూర్సో," అంది భీమక్క.

ఆయన వంతు వచ్చేసరికి ఒక్క చీరే మిగిలింది. దేవేంద్రప్ప అలవాటుగా ధర తగ్గించమన్నాడు. చిన్నన్న ల్యాప్‌టాప్ వైపు చేయి చూపించాడు. "నాదేముండాది? రేటు దాంట్లో రాసుండాది. నాకేమో దాన్ని మార్సేది రాదు." దేవేంద్రప్ప మొదటిసారిగా, అడిగినంత ఇచ్చి, ఆ చీర చంకలో పెట్టుకుని పోయాడు.

మర్నాడే రమణి పట్టుబట్టి వెబ్‌సైట్‌ను సరిచేసింది. మగ్గం మీంచి కొత్త చీరలు దిగగానే ఫోటోలు పెట్టింది. ఈసారి కమలాపురంలోనూ తెరుచుకుంది, బనగానపల్లెలోనూ తెరుచుకుంది. గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు, పూల బొమ్మలు. ఇంటికి మాత్రం ఒక్కరూ రాలేదు. చిన్నన్న వాకిట్లో కూర్చుని జీపు కోసం చూసీ చూసీ లోపలికి వచ్చాడు.

"ఏం పాపా, ఎవురూ రాల్యా?"

"ఇప్పుడు అందరికీ కనపడతాంది గదా నాయనా."

"అదే వచ్చిన తంటా. యాడోళ్లు ఆడనే సూసి, బాగుండాదని ఊరుకున్న్యారు. దేవేంద్రప్ప రేపొస్తాడంట." చిన్నన్న గొంతు తగ్గించాడు. "మళ్లా సెడగొట్టమ్మా."

రమణి నిట్టూర్చి ల్యాప్‌టాప్ తెరిచింది. ఇన్నాళ్ల చదువులో ఆమెకు వీడియో చూడకుండా వచ్చే పని అదొక్కటే.