చూపు వెన్నుపూసలో ఉంది

నాచారంలో ఆ ఆదివారం పొద్దున్నే కమలకుమారికి ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి? పదింటికి ఉప్పల్‌లో టీచరు ఉద్యోగానికి పరీక్ష. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. పొయ్యి మీద పప్పు, చెయ్యి చాచినంత దూరంలో పుస్తకం, ఏడాదిగా ఆవిడ చదువు అలాగే సాగింది. బండి మీద దించేస్తానని మాటిచ్చిన మొగుడు బుచ్చిబాబేమో వసారాలో గోడకి వీపు ఆనించి, మెడ నిక్కించి, ఎదురింటి వాటర్ ట్యాంకు వైపు చూస్తూ రెప్పలు టపటపా కొడుతున్నాడు.

"ఏవండీ, మీ కళ్ళజోడేదీ?"

"తీసి పారేశాను. ఇక దాంతో నాకు పనిలేదు."

ఇదంతా హబ్సిగూడలో కళ్ళజోడు మాన్పించే క్లాసు నడిపే విశ్వనాథం మాస్టారి చలవ. "చూపు కంట్లో లేదోయ్, వెన్నుపూసలో ఉంది. నడుం నిటారు, మెడ పైకి, భుజాలు వదులు. చూపు దూరంగా సాగాలి. కంగారు పుడితే రెప్పలు కొట్టు" అంటాడాయన. నిటారుగా కూర్చుంటే మెడనొప్పి తగ్గుతుంది, ఎవరు కాదన్నారు? అంతమాత్రాన పదిహేనేళ్ళుగా ముక్కు మీదున్న జోడుని ఒక్క పూటలో గిరాటేస్తారా? బుచ్చిబాబు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా. బుర్ర లేనివాడేం కాదు. ఎవరైనా గట్టిగా చెబితే చాలు, గంగిరెద్దులా తలూపుతాడు, అదే జబ్బు.

కమలకుమారి చెత్తబుట్ట పక్కనుంచి జోడు తీసి, డబ్బాలో పెట్టి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

మాస్టారు చెప్పినట్టే బుచ్చిబాబు దూరం చూస్తూ బండి నడిపాడు. ఉప్పల్ రోడ్డంతా మెట్రో తవ్వకాలు. ఎక్కడో ఉన్న ఏనుగంత క్రేను కనిపించింది. ముక్కు ముందున్న ఆటో కనిపించలేదు. ధన్‌మని వెళ్ళి దాని వెనక లైటు పగలగొట్టాడు.

ఆటో నడిపే కొమురెల్లి దిగొచ్చాడు. "ఓ సారూ! అద్దాలు లేవా నీకు?"

ఇక్కడే కొంప మునిగింది. కొమురెల్లి భాషలో అద్దాలంటే కళ్ళజోడు. అమలాపురం నుంచి వచ్చిన బుచ్చిబాబుకి అద్దాలంటే బండికి బిగించేవి. హ్యాండిల్ తట్టి చూపించాడు.

"ఎందుకు లేవయ్యా? రెండున్నాయి. కనపడట్లేదా?"

కొమురెల్లి ఆయన బోసి ముఖంలోకి చూశాడు. "మజాక్ జేస్తున్నవా? నీ మొకం మీద ఏడున్నయ్?"

"మొహం మీద ఎవడైనా పెట్టుకుంటాడా? వెనకొచ్చే బండ్లు చూడ్డానికి అటొకటి, ఇటొకటి!"

"నేను నీ ముంగటున్న! ముంగటోన్ని సూడనీకి అద్దాలు లేవా అంటున్న!"

"ముందున్నవాణ్ణి చూడ్డానికి అద్దాలెందుకూ, కళ్ళుండగా!"

జనం మూగారు. బుచ్చిబాబుకి కంగారు పుట్టింది. పుట్టగానే మాస్టారి మాట గుర్తొచ్చింది. కొమురెల్లి ముఖంలోకే చూస్తూ రెప్పలు టపటపలాడించాడు.

"అరే, నాకే కన్ను గొడ్తుండేందిరా!" అని కొమురెల్లి కాలరు పట్టుకున్నాడు.

కమలకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది. జోడు తీసి మొగుడి ముందు పెట్టింది. "పెట్టుకోండి. టైమైపోతోంది, మీకు దండం పెడతాను."

అంతమంది ముందు ఓడిపోవాలా? "ఛస్తే పెట్టుకోను" అన్నాడు బుచ్చిబాబు, మెడ ఇంకాస్త నిక్కించి.

"అయితే ఆ మెడతోనే ఇంటికి తగలడండి!" జోడు మళ్ళీ బ్యాగులో పడేసి, కొమురెల్లి వైపు తిరిగింది. "తమ్ముడూ, నీ లైటు సంగతి నేను చూస్తాను. ముందు నన్ను పరీక్ష దగ్గర దింపు."

"ఎక్కక్కా, ఫికర్ జెయ్యకు." ఆటో దూసుకుపోయింది.

బుచ్చిబాబు బండి తోసుకుంటూ ఇల్లు చేరి, చెప్పులు విప్పి, కుర్చీలో చేరగిలబడ్డాడు. అది పక్కింటి అన్నపూర్ణమ్మగారి వసారా అని ఆవిడ చీపురుతో వచ్చాకగాని తెలియలేదు.

అక్కడ పరీక్ష హాల్లో కమలకుమారి ప్రశ్నపత్రం అందుకుంది. అలవాటు కొద్దీ చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. "పేపరు బల్ల మీదే ఉంచమ్మా, వెనకవాళ్ళు చూస్తారు" అని కసిరాడు కాపలా మాస్టారు. బల్ల మీద పెడితే అక్షరాలు చీమల బారైపోయాయి. దగ్గర చూపు తగ్గిందని ఆవిడకి ఎప్పుడో తెలుసు. ఒప్పుకోవడానికి మనసొప్పక బల్బుని తిట్టుకుంటూ వచ్చింది. ఏడాది కష్టం కళ్ళముందే కరిగిపోతోంటే కోపంతో ఏడుపొచ్చింది. జేబురుమాలు కోసం బ్యాగులో చెయ్యి పెట్టింది. డబ్బా తగిలింది.

మొగుడి జోడు. పై సగం దూరానికి, కింది సగం దగ్గరికి. పెట్టుకుని పేపరు మీదికి వంగింది, అంతా మసక. విసుగొచ్చి తలెత్తింది. చిత్రం, కింది సగంలోంచి అక్షరాలు ముత్యాల్లా కనబడ్డాయి. ఇక తల దించలేదు.

సాయంత్రం కమలకుమారి చపాతీ పిండి కలుపుతుంటే బుచ్చిబాబు వంటింటి గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు.

"తప్పయిపోయింది కమలా. మాస్టారూ వద్దు, క్లాసూ వద్దు. నా జోడు నాకిచ్చెయ్. ఇంతకీ... రాశావా?"

"అన్నీ రాశాను. మీ జోడు పెట్టుకునే రాశాను. వంగితే ఒక్క ముక్క కనపడలేదు. నడుం నిటారుగా పెట్టి, మెడ పైకెత్తి, భుజాలు వదులు చేస్తే గాని..." అంటూ ఆగింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

బుచ్చిబాబు ముఖం వెలిగిపోయింది. "చూశావా! మాస్టారు మొత్తుకునేది అదే కదే!"

కమలకుమారి విసిరిన పిండిముద్ద గురి తప్పలేదు. జోడు ఇంకా ఆవిడ ముఖం మీదే ఉంది.