వాపసు వచ్చిన సముద్రం

ఓడలపాలెం సముద్రాన్ని బెల్‌స్టీన్ దేశం కొనుక్కుని, ఆషాఢం వెళ్లేలోగా రైలు వ్యాగన్లకు ఎక్కించి తీసుకుపోయింది. బెల్‌స్టీన్ ఐరోపాలో చుట్టూ కొండలున్న చిన్న దేశం. కట్టుడు పళ్లు, గడియారపు స్ప్రింగులు తయారుచేసి ప్రపంచమంతటికీ అమ్ముతుంది. ఎటు చూసినా పక్క దేశాలే కాబట్టి, ఒక్క పళ్లసెట్టు బయటికి పంపాలన్నా వాళ్ల గుమ్మంలోంచి పోవాలి, వాళ్లను బతిమాలుకోవాలి. సొంత ఓడరేవు ఉంటే ఈ తలనొప్పి వదులుతుందని ఆ దేశపు వాణిజ్య శాఖ తేల్చింది. క్రేన్లు, గోదాములు, లైట్‌హౌసు ముందే కట్టేశారు. సముద్రం ఒక్కటే తక్కువైంది.

చాలా తీరాలు చూసి చివరికి ఓడలపాలేన్ని ఎంచుకున్నారు. మిగతా సముద్రాలు ఉన్నచోటే పడి ఉంటాయి. కాకినాడకు పైన ఉన్న ఈ సముద్రం మాత్రం ఏటా తనంతట తానే ఊళ్లోకి నడిచివస్తోంది. అప్పటికే మూడు వీధులు దాటింది. ప్రయాణానికి అలవాటుపడ్డ సరుకు దారిలో పాడవదని వాళ్ల నిపుణులు రాశారు.

ఆ మూడింటిలో నడిమి వీధిలో కంబాల నూకరత్నం ఇల్లు ఉంది. ఉంది అనే అనాలి, రికార్డుల్లో అలాగే ఉంది కనుక. ఇల్లు మునిగాక ఆమె, మొగుడు ఎల్లాజీ తుఫాను షెల్టరులో ఓ మూల చీర అడ్డం కట్టుకుని కాపురం చేస్తున్నారు. ఇంటి స్థలం కోసం వెళ్లినప్పుడల్లా వీఆర్వో సుదర్శనం విసుక్కోకుండా అదే సమాధానం చెప్పేవాడు.

"నీ పేరున ఇల్లుందమ్మా. ఇల్లున్నవాళ్లకి స్థలం ఇవ్వకూడదు."

"ఆ ఇల్లు సముద్రంలో ఉందండి బాబూ."

"ఎక్కడుందో చూసేది వేరే శాఖ. ఉందా లేదా అన్నదే మాకు కావాలి."

సముద్రం ఎగుమతి మీద గ్రామసభ పెట్టినప్పుడు మగవాళ్లు గోల చేశారు. ఇక వేటకెక్కడికి పోవాలని అడిగారు. పరిహారంగా ఇంటికో కట్టుడు పళ్లసెట్టు వస్తుందని అధికారులు చెప్పారు. సొంత పళ్లు గట్టిగా ఉన్నవాళ్లకూ ఇస్తామన్నారు, ఈ విషయంలో ఎవరికీ అన్యాయం జరగనివ్వమన్నారు. నూకరత్నం ఒక్కతే సంతోషంగా చప్పట్లు కొట్టింది.

"తీసుకెల్లిపోనీ మావా," అంది మొగుడితో. "నీల్లెల్లిపోతే మనిల్లు బయటపడద్ది. సుబ్బరంగా కడిగేసుకుని ఎల్లిపోదాం."

సరుకు ఎక్కించడం అనుకున్నంత కష్టం కాలేదు. ఆటుకు సముద్రం వెనక్కి వెళ్లగానే, దాన్ని మళ్లీ రానివ్వకుండా అటునుంచి అటే వ్యాగన్లలోకి ఎత్తేశారు. కస్టమ్స్ వాళ్లు మాత్రం నిబంధన తప్పలేదు. సముద్రంతో పాటు అందులో ఉన్నదంతా సరుకులో భాగమే, ఏరుకోవడానికి వీల్లేదు. చేపలు, చిరిగిన వలలు, మూడు వీధులు, నూకరత్నం ఇల్లు, ఇంటి అరుగు మీది రుబ్బురోలు సీలు వేయించుకుని వెళ్లిపోయాయి. రైలు కనుమరుగయ్యేదాకా ఆమె చూస్తూ నిలబడింది. ఇల్లు మునిగిన రోజున కూడా అంత ఏడవలేదు. మునిగినా కళ్లెదుట ఉండేది.

మర్నాడు ఆఫీసుకు వెళితే సుదర్శనం కుర్చీ చూపించాడు. అంతకుముందెప్పుడూ ఆమెను కూర్చోమనలేదు.

"ఇప్పుడు మరీ కష్టం నూకరత్నం. విదేశంలో ఆస్తి ఉన్నదానివైపోయావు."

ఆ వారమే రేషన్ కార్డు తీసేశారు. మగవాళ్లు అలవాటు కొద్దీ పొద్దున్నే ఇసుకలోని పడవలెక్కి కూర్చుని, మధ్యాహ్నానికి దిగి ఇంటికొచ్చేవాళ్లు. ఎల్లాజీ పళ్లసెట్టు డబ్బాలో భద్రంగా ఉంది. దానితో నమలడానికి చేప లేదు.

బెల్‌స్టీన్‌లో ఓడరేవు ఘనంగా మొదలైంది. మొదటి ఓడ సముద్రం ఉన్నంతవరకు వెళ్లి, అయిపోయాక తిరిగొచ్చింది. వెళ్లినప్పుడు ఎగుమతిగానూ వచ్చినప్పుడు దిగుమతిగానూ రాసుకోవడంతో ఆ దేశపు విదేశీ వాణిజ్యం ఆ ఏడు బాగా పెరిగింది. అయితే సముద్రం తన బుద్ధి మానుకోలేదు. చలికాలానికల్లా చర్చి వీధిలోకి నడిచింది. లోపమున్న సరుకని తేల్చి, గ్యారంటీ గడువు దాటకముందే వాళ్లు దాన్ని వాపసు పంపేశారు. ఎక్కడిది అక్కడే దించారు. నిబంధన మళ్లీ అదే, అందులో ఉన్నదంతా సరుకే. అందుకని నూకరత్నం ఇల్లు నీళ్లకిందికి తిరిగొచ్చింది. దాని పక్కనే ఎర్ర పెంకుల బెల్‌స్టీన్ ఇల్లొకటి కూడా వచ్చింది.

ఆ ఇల్లు హిల్డా అనే ముసలావిడది. పళ్ల ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన మనిషి. ఓ పెట్టె, తాళంచెవి పట్టుకుని ఇంటి వెనకే వచ్చేసింది. షెల్టరులో నూకరత్నం తన చాప జరిపి చోటిచ్చింది. సాయంత్రం ఇద్దరూ గట్టుమీద నిలబడ్డారు. హిల్డా నీళ్లలోకి వేలు చూపించింది. నూకరత్నం దానికి కాస్త ఎడంగా చూపించింది. ఇద్దరికీ కళ్లు తడిశాయి.

వారం తిరక్కుండా సుదర్శనం దండతో షెల్టరుకు వచ్చాడు. హిల్డాకు కుళాయి దగ్గరి మూల స్థలం ఇచ్చారు, ఇల్లు కూడా కట్టించారు. నూకరత్నం ఎన్నో ఏళ్లుగా కన్నేసి ఉంచుకున్న స్థలం అదే.

"ఆవిడిల్లూ నా ఇల్లూ ఒక్క నీల్లలోనే కదండి బాబూ ఉన్నాయి? పక్కపక్కనే ఉన్నాయి."

"విదేశం నుంచి వచ్చిన ఇల్లు కదా, ఆవిడది పెట్టుబడి మునిగిందమ్మా. నీది ఇల్లు మునిగింది. రెండూ ఒకటెలా అవుతాయి?"

నూకరత్నానికి కడుపు మండిపోయింది. మండినా హిల్డా మీద కోపం రాలేదు, ఆమె ఇంట్లోనే వంటకు కుదిరింది. అక్కడే ఉండిపొమ్మని హిల్డా రోజూ చెయ్యి పట్టుకుని లాగుతుంది. పెట్టుబడిదారు ఇంట్లో సొంత ఇల్లున్నవాళ్లు నిద్రచేయకూడదని నిబంధన. నూకరత్నం ముగ్గుపెట్టి, పులుసు వండి, గదులు కడిగి, సందెవేళకు షెల్టరుకు వెళ్లిపోతుంది.

ఈ మధ్య మళ్లీ సర్వే వచ్చింది. సుదర్శనం నూకరత్నాన్ని వెతుక్కుంటూ హిల్డా ఇంటికే వచ్చి, అరుగు మీద కూర్చుని అడిగాడు.

"ఇల్లు ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టే రాసుకోండి బాబూ."

ఆమె లోపలికి వెళ్లి, ఆ ఇంటి ఇల్లాలిలాగే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగి, గోడలూ గుమ్మమూ తృప్తిగా చూశాడు.

"ఇల్లు బాగా ఉంచుకున్నావమ్మా."

"ఆయ్," అంది నూకరత్నం, చీకటిపడకముందే షెల్టరుకు బయల్దేరుతూ.