పటం కింద సంఖ్య

సిద్ధాంత గ్రంథం సమర్పించేలోగా నాగవేణి చేయవలసిన పనులు ఇవి: ముందుమాట దిద్దడం, గ్రంథసూచిలో కామాలు సరిచూడటం, నాయనను గీతలుగా మార్చి నూటపన్నెండో పేజీలో చేర్చడం, ఐదు ప్రతులు బైండు చేయించడం.

మూడో పనికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. సమాచారం ఇచ్చినవారి పేరు రాస్తే చాలదని, మనిషినే పటంగా చేర్చాలని విశ్వవిద్యాలయం నిబంధన పెట్టి మూడేళ్లయింది. ఫొటో చెల్లదు. ఫొటోను పెంచితే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. గీతలతో కట్టిన బొమ్మ గోడంత చేసినా చెదరదు. పక్క విభాగంలో అప్పటికే ఇద్దరు గొర్రెలకాపరులు, ఒక మంత్రసాని గ్రంథాల్లో ఉన్నారు.

నాగవేణి పరిశోధన బావుల మీద. ఆమె తండ్రి ఓబులేసు అరవై ఒక్క బావులు తవ్వినవాడు. నాలుగో అధ్యాయమంతా ఆయన చెప్పిందే. సోమవారం పొద్దున సద్దిమూటతో బస్సు దిగి, గేటు ఎదుటి డీటీపీ సెంటరుకు వచ్చాడు. ఆపరేటరు రహంతుల్లా ఆయనను స్కానరు మీద పడుకోబెట్టి, జేబులో బీడీకట్ట తీసేయమన్నాడు, అనవసరంగా గీతలు పెరుగుతాయని.

అరచేతుల దగ్గర ఆలస్యమైంది. పగుళ్లే మూడు వేల గీతలు తేలాయి. కంప్యూటరు రెండుసార్లు ఆగిపోయింది. రహంతుల్లా పగుళ్లు చెరిపేశాడు. మధ్యాహ్నానికి ఓబులేసు పటం 4.3 అయ్యాడు. సద్దిమూట బల్ల మీద మిగిలింది.

నాయన పటమయ్యాడని నాగవేణి ఇంటికి ఫోన్ చేసింది. సాయంత్రానికి మేనత్త గంగులమ్మ చామంతి దండతో దిగింది. ఇది గోడకు తగిలించే పటం కాదని, దీని కింద సంఖ్య ఉంటుందని విభాగం గుమస్తా ఓపిగ్గా వివరించాడు. ఆమె దండను సంచిలో పెట్టుకుంది గాని పారేయలేదు.

చేర్చడం తేలికే, నిలపడమే కష్టం. ముప్ఫయ్యో పేజీలో ఒక కామా పెడితే ఓబులేసు నూటపదమూడుకు జారాడు. ఒక ఉపశీర్షిక కలిపితే గ్రంథసూచిలోకి పోయి కూర్చున్నాడు.

"బాయిలు తవ్వినోడు కదక్కా," అన్నాడు రహంతుల్లా. "యాడ మెత్తగుంటే ఆడికి దిగిపోతాడు."

గడువు రోజున గైడు శేషఫణి గారు వచ్చి చూశారు. మనిషి సగం పేజీ ఆక్రమించాడని, చిన్నది చేయమని అన్నారు. వేలంత చేశారు. గోరంత చేశారు. గీతల బొమ్మ గనుక ఎక్కడా మసకబారలేదు. గోరంతలోనూ మీసం మీసమే, చూపు చూపే. ఆ చూపు గైడుగారికి నచ్చలేదు.

"అక్షరాల వెనక్కి పంపమ్మా. నిబంధన చేర్చమంది గాని, కనపడాలని అనలేదు."

అందుకు మెనూలో ఒక వరుస ఉంది. నాగవేణి వేలు మౌసు మీద ఆగింది. ఐదింటికి ఆఫీసు మూస్తారు. వాళ్ల ఇంట్లో ఇంతవరకు ఆమె తప్ప ఎవరూ పదో తరగతి దాటలేదు. తెర మీద ఓబులేసు పెదవుల గీత కాస్త వంగింది.

"నొక్కు పాపా," అన్నాడు. "బాయిలో దిగినోడు పైకి కనపడతాడా? నీళ్లు పైకొస్తే సాలు."

ఆమె నొక్కింది. కనపడని పటానికి సంఖ్య అనవసరమని గైడుగారు దాన్నీ తీయించారు. పటం 4.4 ముందుకు జరిగి 4.3 అయ్యింది.

డాక్టరేటు వచ్చింది. నాలుగో అధ్యాయం లోతును పరీక్షకులు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. నాయనను తిరిగి ఇప్పించమని నాగవేణి దరఖాస్తు పెడితే, ఆయనను తీస్తే అధ్యాయం కూలుతుందని గుమస్తా చెప్పాడు. అది నిజమే. ఆమె ఇప్పుడు ఒక కళాశాలలో ఆ అధ్యాయమే పాఠం చెబుతోంది, బాగా చెబుతోంది.

ప్రతిని గ్రంథాలయంలో పెట్టిన రోజున గంగులమ్మ మళ్లీ వచ్చింది. సంచిలోంచి ఎండిన దండ తీసి అట్టకు చుట్టింది. కింద సంఖ్య లేదు గనుక గుమస్తా ఈసారి అడ్డు చెప్పలేదు.

మీరు అటు వెళితే నూటపన్నెండో పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తి చూడండి. వరుసల వెనుక ఒక మనిషి నిలబడి ఉంటాడు. పటాల పట్టికలో ఆయన పేరు లేదు. ఓబులేసు అని, మీరైనా గుర్తుపెట్టుకోండి.